చీటీ తిన్న గేదె

పొద్దు వాలేసరికి సోపినా తల్లి జ్వరంలో మళ్లీ అదే మాట మొదలుపెట్టింది. స్తంభాల మీద లేపిన ఇంటి కింద ఎవడో పలుపుతాడు పట్టుకుని నిలబడ్డాడట. తన గేదెను తనకిమ్మంటున్నాడట. సోపినా మెట్లు దిగి చూసింది. కోళ్లు తప్ప ఎవరూ లేరు. పైకి వచ్చి, గుమ్మంలో ఉన్న తన పిల్లల్ని లోపలికి లాగి తలుపేసింది.

వాళ్లకు గేదె ఏనాడూ లేదు.

ఊరికి పైనున్న నబలు కొండ మీద చచ్చిపోయినవాళ్లుంటారు. వాళ్లకు మాత్రం గేదెలున్నాయి. రాళ్ల మీది నాచు వాళ్లకు అన్నం. ఆ నాచు మీద పాకే నత్తలు వాళ్ల గేదెలు. ఆ ఊళ్లో పాలు మానని పిల్లలకైనా తెలిసిన సంగతే. సోపినా పనిచేసేది కొండ మీది జీవుల నమూనాలు దాచే, కొండ కింది మ్యూజియంలో. కిందటి వారం పని మీద పైకెళ్లి, రాతి పగులులోంచి ఒక నత్తగుల్ల తెచ్చింది. మూతికి ఎండిన పొర పట్టి ఉంది, కదలలేదు. ఖాళీ గుల్ల అనుకుంది. ఖాళీదయితే తప్పు లేదు, చచ్చిన గేదె కొమ్ము తెచ్చినట్టే. బతికినదాన్ని ఆమె ఎప్పుడూ ముట్టదు. గుల్లను చిన్న సీసాలో వేసి, దొరికిన చోటు, తేదీ, నంబరు రాసిన చీటీ లోపల పెట్టి, దూది బిగించి సొరుగులో సర్దింది. మర్నాటి నుంచే తల్లికి జ్వరం.

ఇంట్లో ఆ గుల్ల మాటే ఎత్తలేదు. ఎత్తని మాట తల్లి నోట ఎలా వస్తోందన్నదే ఆమె భయం. మాత్రలకు జ్వరం దిగలేదు. జావ పెడితే తల్లి ముట్టలేదు.

"నువ్వు తిను. వాడు పోయాక తింటా," అంది.

పొద్దున్నే మ్యూజియంకెళ్లి సోపినా సొరుగు లాగి చూసింది. ముసురుకు గదంతా చెమ్మగా ఉంది. సీసాలో నత్త కొమ్ములు చాచి గాజు మీద పాకుతోంది. చీటీ లేదు, తడి పీలిక మిగిలింది.

వెనక నుంచి అధికారి లోజికిం తొంగిచూసి నవ్వాడు. "తన ఊరూ పేరూ తనే మేసేసిందే! వివరాలు కంప్యూటర్లో ఎక్కించావా?"

తల్లి జబ్బుతో కుదరలేదని చెప్పింది.

"పోనీ, గుర్తున్నది మళ్లీ రాసి, నత్తను స్పిరిట్‌లో చంపి దాచెయ్."

ఆ పగులు, దాని పక్కన వంగిన చెట్టు, అన్నీ ఆమె కళ్లకు కట్టినట్టున్నాయి. "గుర్తు లేదు సార్," అంది.

"చోటు తెలియని నత్త మనకెందుకమ్మా? పారెయ్."

ఆ రోజే సోపినా పొగమంచులో పడి కొండెక్కింది. నత్తను దాని పగులులోనే వదిలి, తప్పుకు చెల్లుగా పక్కన కోడిగుడ్డు పెట్టింది. తిరిగి దిగుతుంటే వెనక రాళ్ల మీద తాడు ఈడ్చిన చప్పుడు వినిపించింది. వెనక్కి చూడలేదు.

ఇంటికొచ్చేసరికి మసక చీకటి పడుతోంది. తల్లి లేచి కూర్చుని జావ తాగుతోంది. నుదురు చల్లగా ఉంది.

"గేదెను తోలుకుపోయాడు," అంది. "ఎవరు తెచ్చారో చెప్పు, వాళ్ల కోసం మళ్లీ వస్తానన్నాడు."

సోపినా ఆమె పక్కన కూర్చుంది.

"నేనే తెచ్చానన్నాను." తల్లి ఊరగాయ ముక్క కొరికింది. "నీకింకా పిల్లల్ని పెంచే పనుంది."

సోపినా ఆమె కొంగు గుప్పిట పట్టుకుంది. కింద కోళ్లు ఒక్కసారిగా అరుపు ఆపేశాయి.