నాలుగో మేకు పిడి

"రొవీనా! ఓ రొవీనా! నాలుగోదానికి చెమ్మ పట్టింది, చూశావా?"

యార్డు నడిపే బెరిల్ కేక కాలవ మీదుగా వచ్చింది. పొద్దున్నే తిరిగొచ్చిన పడవలో మోకాళ్ల మీద కూచుని నేల తుడుస్తున్న రొవీనా చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. నాలుగోది అంటే డాబ్‌చిక్ పడవది.

ఆ యార్డులో అద్దెపడవలు ఎనిమిది. అన్నిటికీ నీటిపిట్టల పేర్లే. సెలవలకి వచ్చినవాళ్లు వాటిని తమంతట తామే నడుపుకుంటూ వారం పాటు కాలవంతా తిరిగొస్తారు. లాకుల దగ్గర నీళ్లు వదిలే తూము పలకలు ఎత్తుకోవడానికి ప్రతి పడవకీ మోచెయ్యిలా వంగిన ఇనుప పిడి ఒకటి ఇస్తారు. దాని జత పిడి ఆఫీసు గోడకి, ఆ పడవ నంబరు మేకుకి వేలాడుతూ ఉంటుంది. అక్కడ పడవలో పిల్లలు కొట్టుకుంటే ఇక్కడ పిడి గోడకేసి టకటకలాడేది. ఇంజను వేడెక్కితే ఇదీ వేడెక్కేది. బెరిల్ రోజూ పొద్దున టీ కప్పు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఎనిమిదింటినీ వరసగా తడిమేది, జ్వరం వచ్చిన పిల్లల నుదుళ్లు చూసినట్టు. కాలవ లోయలోకి దిగాక ఫోన్లు ఎలాగూ పలకవు.

చెమ్మ మాత్రం ఎప్పుడో గానీ పట్టదు. చెమ్మ పట్టిందంటే పడవలో వాళ్లకి ఏదో కీడు దగ్గరపడుతున్నట్టు. రొవీనా పనిలో చేరిన రెండేళ్లలో ఒక్కసారే చూసింది. ఆ వారం ఒక పెద్దాయన అంబులెన్సులో ఇంటికెళ్లాడు.

"గోడ చెమ్మేమో," అంది రొవీనా లోపలికొస్తూ. "రాత్రి వాన పడిందిగా."

"గోడ చెమ్మయితే పక్కదానికీ పట్టాలి కదే, బాతుపిల్లా. ఆ వేల్స్ అక్కచెల్లెళ్లకి అన్నీ సరిగ్గా చెప్పావా?"

"చెప్పాను."

"గడప సంగతి?"

"కాగితం మీద సంతకం కూడా పెట్టారు, బెరిల్."

సంతకం పెట్టిన మాట నిజం. గడప సంగతి మాత్రం రొవీనా చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం అన్నీ వరసగానే చెప్పుకొచ్చింది. గ్యాసు, హారను, చుక్కాని, మంచినీళ్లు. చెల్లెలు డిలిస్ సంచులు మోస్తోంది. అక్క నెస్టాకి డెబ్బై ఒకటి. ఎర్ర అట్ట పుస్తకంలో ప్రతి ముక్కా రాసుకుంటోంది. "గట్టిగా చెప్పమ్మా, ఒక చెవి పనిచెయ్యదు. బుర్ర సంగతి దేవుడికెరుక," అని నవ్వింది కూడా. ఇక గడప సంగతి ఎత్తుకోవాలి, సరిగ్గా అప్పుడే వంపు దగ్గర బొగ్గుల పడవ కనబడింది. దాని మీద కల్లమ్. మసి చేత్తో టోపీ ఎత్తి, మే నెల ఎండంతా తన మొహంలోనే ఉన్నట్టు నవ్వాడు. "ఒక్క నిమిషం" అని రొవీనా గట్టు మీదికి దూకింది. ఆ నిమిషం ఎంతసేపు సాగిందో ఆమెకి తెలీదు. తిరిగొచ్చేసరికి చెంపలు కాలిపోతున్నాయి. కాగితంలో అన్ని గళ్లలోనూ టిక్కులు కొట్టేసి, ఇక్కడ సంతకం పెట్టండి అంది.

డాబ్‌చిక్ కనుమరుగయ్యాక గుర్తొచ్చింది. మొదటిరోజు లాకులన్నీ పైకెక్కేవే, ఎక్కేటప్పుడు ఆ గడపతో పని లేదు, రేపు చెబుదాంలే అని సర్దిచెప్పుకుంది. ఇప్పుడు ఆ రేపు వచ్చేసింది. పదకొండింటికల్లా వాళ్లు దిగుడు లాకుల దగ్గర ఉంటారు.

లాకు తొట్టిలో వెనక తలుపుల అడుగున నీళ్లలో ఒక రాతి గడప దాగి ఉంటుంది. కిందికి దిగేటప్పుడు పడవ తోక గట్టు రాతి మీద గీసిన తెల్లగీత దాటి వెనక్కి జరిగిందా, ఆ గడప మీద కూచుండిపోతుంది. ముక్కు మాత్రం నీళ్లతో పాటు కిందికి పోతుంది. మునగడానికి రెండు నిమిషాలు చాలు.

"నేను వెళ్లి ఒకసారి చూసొస్తా," అంటూ రొవీనా పిడిని మేకు నుంచి తీసింది. అరచేయి తడిసిపోయింది.

బెరిల్ ఆమె మొహంకేసి చూసింది. ఏదో అడగబోయి, "నా సైకిలు తీసుకో. నీదాని చెయిన్ ఊడుతుంది," అంది.

గట్టు దారి ఏడు మైళ్లు. పిడిని నడుముకి దోపుకుంది. అది కారుతూనే ఉంది. ముందు బొట్లుగా, వంతెన దాటాక సన్నటి ధారగా. లంగా తడిసి కాలికి అతుక్కుంటోంది. నీళ్లు చల్లగా, కాలవ అడుగు వాసనేస్తున్నాయి. ప్రతి వంపు దగ్గరా ఆమెకి ముక్కు మునిగిన పడవ కనబడేది. వంపు తిరిగితే ఖాళీ నీళ్లు. కొంగ ఒకటి కదలకుండా ఆమెనే చూసింది. కల్లమ్ మొహం గుర్తు తెచ్చుకుందామంటే టోపీ తప్ప ఏదీ రాలేదు.

లోయలో మొదటి దిగుడు లాకు. డాబ్‌చిక్ అప్పటికే తొట్టిలో ఉంది. డిలిస్ అవతలి గట్టున కొంగు దోపినంత హుషారుగా చొక్కా చేతులు మడిచి, కింది తూములు రెండూ ఎత్తేసింది. నీళ్లు హోరుమని పోతున్నాయి. నెస్టా చుక్కాని పట్టుకుని ఉంది. వెనక తలుపులు ఆమె వీపుకి జానెడు దూరంలో ఉన్నాయి. తెల్లగీత ఆమెకి బారెడు ముందు.

"ముందుకి! నెస్టా గారూ, ముందుకి పోనివ్వండి!"

నెస్టా వినిపించే చెవి అటు తిప్పుకుని, చెయ్యి ఊపి నవ్వింది. అంతలో పడవ అడుగున రాయి గీసుకున్న చప్పుడైంది. తోక ఆగిపోయింది. ముక్కు వంగడం మొదలైంది. లోపల కప్పులు ఒక్కొక్కటే జారి పగులుతున్నాయి.

రొవీనా సైకిలు పడేసి పరిగెత్తింది. తడి పిడిని తూము ఇరుసుకి తగిలించి ఇవతలి తూము దించేసింది.

"మీదీ దించండి! డిలిస్ గారూ, దించెయ్యండి!"

"నిన్న ఎత్తమన్నావ్, ఇవాళ దించమంటున్నావ్. ఏదో ఒకటి తేల్చుకో పిల్లా," అంటూనే డిలిస్ పడవ వైపు చూసింది. వెంటనే దించేసింది.

రొవీనా పడవ వెనకున్న పై తలుపుల దగ్గరికి ఉరికి అక్కడి తూము కొంచెం కొంచెంగా ఎత్తింది. నీళ్లు తొట్టిలోకి మళ్లీ వచ్చాయి. ముక్కు దగ్గర నీళ్లు పడవ ముందుగది తలుపు అంచుని నాకుతున్నాయి. లోపలికి పొర్లడానికి ఇంకా ఒక వేలు. అరవేలు. అక్కడ ఆగాయి. ఎంతోసేపటికి పడవ మూలిగినట్టు కదిలి, తోక గడప మీంచి లేచి తేలింది.

ముగ్గురూ గట్టు మీద గడ్డిలో కూలబడ్డారు. డిలిస్ నోరు మాత్రం ఆగలేదు.

"కప్పులన్నీ పోయాయి. టీ ఇంక బూటులో తాగాలి. ఆ గీత ఎందుకు గీశారనుకున్నావే అక్కా, అందానికా? ఈ పిల్ల చెప్పే ఉంటుంది. సంతకం పెట్టావు కూడాను."

నెస్టా ఎర్ర అట్ట పుస్తకం తీసి పేజీలు తిప్పుతోంది. ఒకసారి. మళ్లీ మొదటి నుంచి.

"గ్యాసుంది," అంది మెల్లగా. "హారనుంది. చుక్కాని ఉంది. ఇదొక్కటే లేదు, డిలిస్. ఆ పిల్ల నా ఎదురుగా నిలబడి చెబుతుంటే నేను పెన్ను పట్టుకుని ఏం చేస్తున్నానో నాకు గుర్తే లేదు."

"ఊరుకోవే. చెవి సరిగ్గా లేకపోతే..."

"చెవి కాదు. అమ్మకీ ఇలాగే మొదలైంది. మధ్యలో ముక్కలు పోయాయి. ఇప్పటి నా వయసుకే నిన్ను చూసి, ఎవరమ్మా నువ్వు అంది, మర్చిపోయావా? ఇవాళ పడవనే ముంచేసేదాన్ని." పుస్తకం మూసింది. "ఇంటికెళ్లగానే ఆ వృద్ధుల హోముకి ఫోను చెయ్యి. గది ఖాళీ ఉందన్నారుగా. ఇల్లు నీ ఇష్టం. కారు తాళాలు మాత్రం ఇవాళే తీసేసుకో."

డిలిస్ అక్క చేతిని తన ఒళ్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

రొవీనా ఏమీ అనక్కర్లేదు. టిక్కులున్నాయి, సంతకముంది. పడవ దక్కింది. బెరిల్‌కి ఒక మంచి మాట చెప్పి, కప్పుల డబ్బు అడక్కుండా వదిలేస్తే సరిపోతుంది. వచ్చే శనివారం బొగ్గుల పడవ మళ్లీ వస్తుంది. లేచి వెళ్లిపోదామని ఇరుసు మీంచి పిడి తీసుకుంది.

అది ఇంకా కారుతోంది. దారిలో కారినదానికంటే ఎక్కువగా, వేళ్ల సందుల్లోంచి మణికట్టు మీదుగా మోచేతి దాకా. పడవ ఎదురుగా నిశ్చలంగా తేలుతోంది. నెస్టా నీళ్లకేసి చూస్తోంది, ఇప్పటికే ఎక్కడికో వెళ్లిపోయినదానిలా.

రొవీనా వెళ్లి ఆమె వినిపించే చెవి వైపు మోకాళ్ల మీద కూచుంది.

"నెస్టా గారూ," అంది. "మీరు మర్చిపోలేదు. నేను చెప్పలేదు."