ముందు గోడకు గచ్చు గీత

నీళ్ళు గడ్డకట్టే చలి దిగేలోపు చేయాల్సిన పనులివి. ఒంటారియో సరస్సు ఒడ్డు నుంచి ఇంకో రెండు ఎడ్లబళ్ళ గుండ్రాళ్ళు తోలించాలి. ఒక్కో రాయినీ ఇనుప కడియంలో దూర్చి చూసి, దూరనిదాన్ని వెనక గోడకు పంపేయాలి. ఎర్రవి వేరుగా, తెల్లవి వేరుగా పోగెయ్యాలి. సున్నం నానబెట్టాలి. ముందు గోడలో మిగిలిన పన్నెండు వరసలూ పేర్చాలి. అదీ రోజుకు మూడే. నాలుగోది వేస్తే పచ్చి గచ్చు బరువు ఓర్వలేక గోడ పొట్ట బయటపెడుతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది: మేస్త్రీ అసాహెల్ హోల్కోంబ్ కుడిచెయ్యి వణుకుతోందన్న సంగతి బయటికి పొక్కకూడదు.

ఆ వణుకు పోయిన వేసవిలో మొదలైంది. రాళ్ళు పేర్చడానికి ఎడమచెయ్యి సాయం వచ్చేది. కానీ రాయికీ రాయికీ మధ్య గచ్చును సన్నటి గట్టులా, కత్తి అంచులా తీర్చాలంటే మణికట్టు నిలకడగా ఉండాలి. చూసేవాళ్ళు మేస్త్రీని మెచ్చుకునేది ఆ గీతను చూసే. అందుకే ఆ చుట్టుపక్కల మేస్త్రీలు ఆ పనితనాన్ని ఒకరికొకరు చూపించుకోరు. ఇంకో మేస్త్రీ కనబడ్డాడంటే తాపీ కిందపెట్టి, వాడు వెళ్ళేదాకా గోడమీద కూర్చుని కబుర్లు చెబుతారు.

అసాహెల్ గోడ ముందు పడవ తెరచాప గుడ్డ కట్టినా అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆ గుడ్డ చాటున గీత తీర్చేది ఆయన కూతురు కెజియా. పంతొమ్మిదేళ్ళది.

ఇల్లు టటిల్ దంపతులది. పసిబిడ్డతో, కప్పు కారే దుంగల గుడిసెలో ఉన్నారు. "ఈ చలికాలం మిమ్మల్ని ఆ గుడిసెలో ఉండనివ్వనమ్మా" అని ఆ ఇల్లాలు ఓర్ఫాకు అసాహెల్ మాటిచ్చాడు.

అక్టోబరు ఆఖరి వారంలో ఒకరోజు సరస్సు గాలి తెరచాపను చింపి పారేసింది. ఆ రోజుకు మూడో వరస అప్పుడే పేర్చారు. కెజియా గీత తీరుస్తూ సగం దాకా వచ్చింది. అంతలో దారిమీద చాన్సీ విపుల్ గుర్రం కనబడింది. పక్క ఊరి మేస్త్రీ. ఇరవై ఏళ్ళుగా అసాహెల్‌కు పోటీ.

కెజియా గబుక్కున తాపీ దింపి ఆపిల్ బుట్ట అందుకుంది. అసాహెల్ కుడిచెయ్యి జేబులో దూర్చి గోడమీద కూర్చున్నాడు.

"ఏం పెద్దాయనా, నన్ను చూడగానే కూర్చున్నావే! నడుం నొప్పా?" అంటూ చాన్సీ కంచె మీదికెక్కాడు.

"నీ మొహం చూస్తే ఎవరికైనా నీరసమే వస్తుంది" అన్నాడు అసాహెల్.

"సరే, అలిసిపోయావుగా, నాకూ పనేం లేదు. కూర్చుంటా. అమ్మాయ్, ఓ ఆపిల్ ఇటు విసురు."

కెజియా విసిరింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, ఏదో తుడుస్తున్నట్టు గచ్చును బొటనవేలితో నొక్కింది. వేలు పెద్దగా దిగలేదు.

"నాన్నా, బిగుస్తోంది" అంది గొంతు తగ్గించి.

బిగుస్తే గీత రాదు. వరసంతా ఊడదీయాలి. అంటే ఓ రోజు పోయినట్టే. పొద్దున బకెట్‌లో నీళ్ళమీద సన్నటి మంచుపొర కనబడింది. పచ్చి గచ్చు గడ్డకడితే పిండిలా రాలిపోతుంది, గోడ వసంతందాకా అలాగే ఉండిపోతుంది. గుడిసెలోంచి బిడ్డ దగ్గు వినబడుతూనే ఉంది.

అసాహెల్ కంచె దగ్గరికి నడిచాడు. కుడిచెయ్యి జేబులోంచి తీసి చాన్సీ ముందు చాపాడు. అది గాలికి ఆకులా కొట్టుకుంది.

"చూశావుగా. ఈ ఏడు నేను ఒక్క గీతా తియ్యలేదు. అంతా దానిదే." కూతురివైపు తిరిగాడు. "కెజియా, పని కానియ్యి. చూస్తే చూడనీ."

చాన్సీ ఆపిల్ నమలడం ఆపేశాడు. కెజియా కదల్లేదు. తండ్రి నుంచి ఆమె చేతికొచ్చిన ఆ ఒడుపు చూడ్డం కోసమే అతను ఇరవై ఏళ్ళుగా ఈ దారిన తిరుగుతున్నాడని ఆమెకు తెలుసు.

"అబ్బ! ఈ ఎండ సూటిగా కళ్ళల్లోకే కొడుతోందయ్యా" అంటూ చాన్సీ కంచె మీదే కాళ్ళు అటు తిప్పి, గోడకు వీపుపెట్టి కూర్చున్నాడు. ఆకాశమంతా మబ్బు. "నువ్వూ రా ఇటు, పెద్దాయనా. ఆ పిల్ల నెత్తిన నుంచోకు. నా గుర్రం సంగతి చెబుతా, విను."

మూడో వరస చివరి రాయి దాకా గీత పూర్తయ్యేసరికి ఆ గుర్రం గురించి చెప్పడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు. అయినా ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

"అయిపోయింది" అంది కెజియా.

"అయితే నే వెళ్తా. దారిలో ఎవరైనా అడిగితే ముసలాయన గోడ మీద కూర్చుని నా బుర్ర తిన్నాడని చెబుతాలే" అన్నాడు చాన్సీ.

మిగతా వరసలు మూడు రోజుల్లో లేచాయి. మంచుకంటే ముందే కప్పు పడింది. గుమ్మం పైరాతి మీద కూతురి పేరు కూడా వేయమని అసాహెల్ అడిగాడు. మేస్త్రీ పేరు ఒక్కటే వేయడం వాడుకని చెక్కేవాడు ఆయన పేరే చెక్కి పోయాడు. ఆ ఇల్లు చూసినవాళ్ళు ఇప్పటికీ హోల్కోంబ్ చేతి పనితనమని మెచ్చుకుంటారు. మీరు మాత్రం ఆ చెయ్యి కెజియాదని గుర్తుపెట్టుకోండి.