చెవులు దాచిన టోపీ

ఠక్కు, ఠక్కుమని వసారా మెట్ల మీద చేతికర్ర చప్పుడు. మెట్టుకొక దెబ్బ, దెబ్బకొక నిట్టూర్పు. తలుపు తీయకముందే వెర్నీసుకు తెలిసిపోయింది, వస్తున్నది అత్తగారు ఒడెల్ అని. మనవరాలి చెవులు చూడటానికి వస్తున్నదనీ తెలుసు.

పసిబిడ్డ రంగు నిలకడ లేనిది. రేపు తేలబోయే రంగు చెవుల అంచుల్లో ముందే కనబడుతుందని న్యూ ఆర్లియన్స్‌లో ఆ వీధి అవ్వలందరి నమ్మకం. ఒడెల్ మీగడ రంగు మనిషి. ఎండాకాలంలోనూ చెవుల మీదుగా దువ్విన విగ్గు తీయదు. పెళ్ళి ఫొటోలో నల్లని కోడలిని గొడుగు నీడలోకి జరిపింది ఆవిడే. తొలి మనవరాలికి పేరు పెట్టే హక్కు ఆ ఇంట నాయనమ్మది; జ్ఞానస్నానం ఈ ఆదివారమే.

"చెవులు చూడకుండా పేరెలా పెడతాం? తెల్లగా ఉంటే నా పేరే ఇస్తాను. లేదంటే ఏదో ఒకటి" అని పోయిన వారమే అన్నది ఒడెల్.

ఆ 'ఏదో ఒకటి' వెర్నీసు గుండెలో దిగబడింది. బిడ్డ పేరు చెవి అంచు మీద ఆధారపడకూడదనుకుంది. వారంలో నాలుగు టోపీలు అల్లింది. నాలుగింటికీ గడ్డం కింద గట్టి ముడి.

"ఇంత ఎండలో పసిదానికి టోపీ ఏమిటే?" లోపలికి వస్తూనే అడిగింది ఒడెల్.

"గాలి, అత్తయ్యా."

"నిన్న వాన అన్నావు."

"నిన్న వానే కదా."

"మొన్నో?"

"మొన్న ప్రార్థనలో ఉంది, తల కప్పాలిగా."

ఒడెల్ వంటింటి వైపు ముక్కు ఎగబీల్చింది. "గంబో పులుసుకి పిండి ఇంకా వేగాలి. నల్లబడితేనే రుచి."

"కుండలో నల్లబడితే రుచి, ఊయల్లో నల్లబడితే తప్పా అత్తయ్యా?"

"నీ నోరు మాత్రం బాగానే వేగింది" అంటూ ఒడెల్ బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది.

వెర్నీసు పొయ్యి వైపు తిరిగిందో లేదో, అత్తగారి వేళ్ళు ముడి మీదికి పాకాయి. ఒడెల్ వంగింది. ఇంకాస్త వంగింది. పసిపిడికిలి గాలిలో తడుముకుని, దొరికినదాన్ని పట్టుకుంది. దొరికింది విగ్గు.

పిడికిలి వదలలేదు. విగ్గు జారింది. ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడని రెండు చెవులు బయటపడ్డాయి. అంచులు బాగా వేగిన గంబో పిండి రంగు.

గరిటె పట్టుకుని నిలబడిన వెర్నీసు, నవ్వును పళ్ళ వెనక బిగబట్టింది.

"ఎవరి పోలిక, అత్తయ్యా?"

"నీకెందుకు?"

"చెవులు చూశాకే పేరన్నారుగా. చూశాను."

ఒడెల్ విగ్గు సర్దుకోలేదు; పిడికిలి వదిలితే కదా. తన చెవి అంచు తడుముకుని అంది: "మా నాయనమ్మ పోలిక. చుట్టాలొస్తే ఆమెను వెనక గదిలో కూర్చోబెట్టేవాళ్ళు. పళ్ళెం అందించింది నేనే. తలుపు మూసిందీ నేనే."

"ఆమె పేరు?"

"మా ఇంట్లో ఎవరూ పలకరు."

"ఆదివారం ఫాదర్ గారు అడుగుతారు. ఏదో ఒకటి చెప్పాలిగా."

తన మాటే తనకు తగిలి ఒడెల్ తలెత్తింది. సగం ఊడిన టోపీ ముడిని, చెవులు చూడకుండానే, మళ్ళీ కట్టింది. పసిదాని ముఖం మీదికి వంగి, ఎప్పుడో మూసిన ఆ తలుపును తీస్తున్నంత మెల్లగా పిలిచింది:

"ఫిలోమీన్."