పచ్చచుక్క పక్కన ఆగిన అంకె

నేను ఒక వెబ్‌సాకెట్‌ను. పేరు విని బెదరకండి. సైకిలో నాణెమో అయితే చేత్తో పట్టుకుని చూసేవారు. నన్ను పట్టుకోవడానికీ లేదు, చూడడానికీ లేదు. ఒక ఫోనుకూ ఎక్కడో ఉన్న సర్వర్‌కూ మధ్య తెరిచి ఉంచిన మాటల దారిని, అంతే. తుప్పు పట్టను, పాతసామాన్లవాడి తట్టలో పడను. అయినా నాకూ ఓ కథ ఉంది. అందులో నేను తలెత్తుకుని చెప్పుకోగలిగింది తక్కువే.

మామూలు వెబ్‌పేజీల సంసారం ఇలా ఉంటుంది. ఫోను వెళ్ళి సర్వర్ తలుపు తడుతుంది, ఒక మాట అడుగుతుంది, జవాబు పుచ్చుకుని వచ్చేస్తుంది, తలుపు మూసుకుంటుంది. ఇంకో మాట కావాలంటే మళ్ళీ తట్టాల్సిందే. నా పుట్టుకా తట్టడంతోనే మొదలవుతుంది గానీ, ఈసారి ఫోను 'ఈ తలుపు మూయకు, ఎవరికి ఎప్పుడు మాట తోస్తే అప్పుడు చెప్పుకుందాం' అని అడుగుతుంది. సర్వర్‌కు ఇష్టమైతే నూటొకటి అని జవాబిస్తుంది. మీరు పెళ్ళిళ్ళలో నూటపదహార్లు చదివిస్తారు, మా ఇళ్ళలో నూటొకటి. ఆ అంకె పడితే నేను పుట్టినట్టు లెక్క.

నన్ను తయారుచేసింది వాసంశెట్టి హేమలత. కాకినాడలో ఓ మిఠాయి కొట్టు మేడమీద రెండు గదుల కంపెనీలో ఉద్యోగి. గోదావరి ఆనకట్ట దగ్గర నీటిమట్టం కొలిచే పరికరం చెప్పే అంకెను లంక గ్రామాల ఫోన్లలో ఎప్పటికప్పుడు చూపించాలి, అదీ ఆమెకు ఒప్పజెప్పిన పని. మూడు రోజులు నేను పుట్టలేదు. ఫోను సరేనంది, సర్వర్ సరేనంది. మధ్యలో కాపలా కాసే ఇంకో సర్వర్ మాత్రం 'తలుపు మూయకు' అన్న మాటను లోపలికి చేరవెయ్యలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నమాట. మూడో రోజు మధ్యాహ్నం ఆ పూజారిగారి సెట్టింగుల్లో రెండు వాక్యాలు చేర్చింది. తెర మీద 7.4 అడుగులు అని పడి, చూస్తుండగానే 7.5 అయింది. హేమలత చప్పట్లు కొట్టి, కింద కొట్లోంచి కాజాలు తెప్పించి అందరికీ పంచింది.

ఇల్లు అలకగానే పండగ కాదని ఆమెకు తెలుసు. మా జాతికి ఓ జబ్బుంది. దారి మధ్యలో ఎక్కడ తెగినా అటువాళ్ళకూ ఇటువాళ్ళకూ తెలియదు. అవతలివాళ్ళకు చెప్పడానికేమీ లేదు కాబోలనుకుని ఇద్దరూ ఊరుకుంటారు. అందుకని హేమలత ఏడు లైన్లు రాసింది. ప్రతి అరనిమిషానికీ సర్వర్ నా గుండా 'ఉన్నావా?' అని పలకరించాలి, ఫోను 'ఉన్నా' అనాలి. రెండుసార్లు ఆ పలకరింపు రాకపోతే ఫోను నన్ను చచ్చినట్టు లెక్కగట్టి, అంకె చెరిపేసి, అంకె పక్కన వెలిగే పచ్చచుక్కను ఎర్రగా మార్చి, కొత్తగా తలుపు తట్టాలి. అంకె కింద అది ఎన్నింటికి వచ్చిందో ఆ సమయం కూడా వేసింది. నా బతుకులో ఎవరైనా నాకు చేసిన మేలు అంటే అదే.

పనిని మెచ్చుకోవడానికి ఓ అధికారి వచ్చాడు. ఆ రోజు సిగ్నల్ సరిగా లేక చుక్క రెండుసార్లు ఎర్రబడింది.

"ఇదేంటండీ, మాటిమాటికీ ఎర్రబడుతోంది? జనం కంగారు పడిపోరూ?" అన్నాడాయన.

ఆయన మెట్లు దిగగానే మేనేజర్ కామేశ్వర్ హేమలత బల్ల దగ్గరికి వచ్చాడు. "హేమా, ఆ చుక్క పచ్చగానే ఉండేలా చూడు. కింద ఆ టైమెందుకు, అసహ్యంగా? తీసెయ్."

"తెగిపోతే తెలియదు సార్."

"అంకె వస్తోందిగా! ఎప్పుడో తెగుతుందని ఇప్పట్నించీ ఏడవడం దేనికి? తర్వాత చూద్దాంలే."

ఆమె లాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది. ఆపైన ఏడు లైన్లనూ చెరిపెయ్యకుండా, ఒక్కోదాని ముందు రెండేసి గీతలు పెట్టి పనిచెయ్యకుండా చేసింది. సమయాన్ని మాత్రం తీసేసింది. మనుషుల్లో ఇదో చిత్రం, తప్పని తెలిసిన పనిని కూడా ఎంతో నీటుగా చేస్తారు.

ఆ తర్వాత నేను ఎన్నో ఫోన్లలో పుట్టాను. ఇప్పుడు చెప్పేది గుత్తుల మంగతాయారు ఫోనులో నా జన్మ గురించి. ఏటిగట్టుకు ఇవతల ఆమె ఇల్లు. వాకిట్లో కొబ్బరిపీచు తాడు పేనుతుంది. మొగుడు సత్తెయ్య రోజూ పొద్దున్నే దూడతో కలిపి ఎనిమిది గేదెల్ని తోలుకుని, మోకాలి లోతు పాయ దాటి, అవతల పల్లపు లంకలో మేపుతాడు. అక్కడ ఫోను పలకదు. అందుకని మొగుడూ పెళ్ళాం ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. ఆనకట్ట దగ్గర మట్టం పది అడుగులకు రాగానే తాయారు గట్టెక్కి వెదురు గెడకు ఎర్ర కోక కట్టి నిలబెట్టాలి. అది కనబడితే సత్తెయ్య గేదెల్ని మళ్ళేస్తాడు. ఆనకట్ట నుంచి ఆ నీళ్ళు ఊరి దాకా రావడానికి రెండు గంటలకు పైనే పడుతుంది కాబట్టి తీరిగ్గా వచ్చేయొచ్చు.

నేను రాకముందు ఆ కబురు లస్కరు సూర్రావు మోసేవాడు. లస్కరంటే గట్టుకు కాపలా ఉండే మనిషి. వరద రోజుల్లో అరగంటకోసారి గట్టుమీద నిలబడి లంకకేసి "ఓయ్" అని కేకేసేవాడు. లంకలోంచి "ఓయ్" అని జవాబు రావాలి. రాకపోతే ఇంకేమీ ఆలోచించేవాడు కాదు, దోనె విప్పుకుని వెళ్ళి చూసొచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళు అలాగే చేశాడు.

నేను వచ్చిన నెలలో తాయారే అతన్ని ఎగతాళి చేసింది. "గోదారే ఫోన్లోకొచ్చి కూచుంటే ఇంకా ఈ కేకలెందుకు బాబాయ్? గేదెలు బెదిరి పాలు సేపట్లేదు!"

సూర్రావు నవ్వేసి, కేకలు మానేశాడు. ఆ రోజు నేనూ కాస్త గర్వపడ్డాను, దాచుకోవడమెందుకు.

శ్రావణంలో ఒక బుధవారం. పొద్దున ఎనిమిదింటికి 8.6. తాయారు ఫోను కిటికీలో పెట్టి ఛార్జింగుకు తగిలించి తాడు ముందు కూర్చుంది. తొమ్మిదీ పదికి 9.2 చూపించాను. అదే నేను చెప్పిన చివరి మాట. దారిలో ఎక్కడో ఓ పెట్టెకు కరెంటు పోయి వచ్చింది. వచ్చాక, తెరిచి ఉన్న దారులు రాసుకునే దాని పట్టీలో నా పేరు లేదు. సర్వర్ 9.3 పంపింది, 9.5 పంపింది, అవి ఆ పెట్టె దగ్గరే పడిపోయాయి. కాసేపు మళ్ళీ మళ్ళీ పంపి చూసి, సర్వర్ నన్ను తన లెక్కలోంచి కొట్టేసింది. ఫోనుకు ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు. నేను సగం చచ్చి కిటికీలో ఉన్నాను, నా పక్కన చుక్క పచ్చగా వెలుగుతూనే ఉంది. పదింటికి ముందే ఆనకట్ట దగ్గర మట్టం పది దాటింది. ఆ మాట చెప్పలేకపోవడం ఎలాంటిదో నాకు తెలుసు.

తాయారు తాడు పేనుతూ అప్పుడప్పుడూ తలెత్తి చూసేది. 9.2. పొయ్యిమీద అన్నం పెట్టి వచ్చి చూసింది. 9.2. రేడియోలో వరద వార్తల్లో చెప్పినట్టే 'నిలకడగా ఉంది' అని పైకే అనుకుని, స్థిమితపడి, కూర తరుక్కుంది. మనుషులు మౌనం అర్ధాంగీకారమంటారు. ఏ గొంతూ వినపడకపోతే అంతా బాగున్నట్టే అనుకోవడం వాళ్ళకు అలవాటు, ఆ అలవాటు మీదే నేను ఆ పూట ఆమెను మోసం చేశాను.

పన్నెండు దాటాక సూర్రావు నీళ్ళు తాగడానికి వాకిట్లోకి వచ్చాడు. "ఎంతుందమ్మాయ్?"

"తొమ్మిదీ రెండు బాబాయ్. పొద్దుట్నించీ అలాగే నిలబడింది."

చెంబు నోటిదాకా వెళ్ళి ఆగింది. "పొద్దుట్నించీనా? ఏరు మూడు గంటలు ఒకే అంకె మీద కూచోదమ్మాయ్. పెరగాలి, లేదా తియ్యాలి. ఇదేదో సచ్చింది."

చెంబు అరుగుమీద పెట్టి గట్టుకేసి పరుగెత్తాడు. పొద్దున నీటి అంచున తాను పాతిన గుర్తు కర్ర కనిపించలేదు. ఎర్రనీళ్ళు గట్టు మొదటికి తాకుతున్నాయి. వెనకాలే వచ్చిన తాయారు గెడకు కోక కట్టింది. సూర్రావు లంకకేసి తిరిగి "ఓయ్" అని కేకేశాడు. జవాబు లేదు. మళ్ళీ కేకేశాడు. మూడోసారి కేకెయ్యకుండా దోనె విప్పాడు.

గట్టుమీద తాయారు నిలబడ్డ ఆ ముప్పావుగంట నేను చూడలేదు, కిటికీలోనే ఉన్నాను. తర్వాత ఆ ఇంట్లో మాటల్లో విన్నాను. నీళ్ళు పెరగడం చూసి సత్తెయ్య అప్పటికే గేదెల్ని పాయలోకి దించాడట. మోకాలి లోతు పాయ గొంతు దాటింది. అయిదు గేదెలు ఈది ఒడ్డెక్కాయి. తొలిచూలు గేదె ముత్తెం, దాని దూడ, ఇంకో పాడిగేదె వరదలో పోయాయి. ముత్తెం తోక వదలనందుకు సత్తెయ్య కూడా పోవాల్సినవాడే. సూర్రావు అతన్ని జుట్టు పట్టుకుని దోనెలోకి లాగాడు. అలా లాగుతుంటే దోనె అంచుకు నలిగి సత్తెయ్య కుడిచెయ్యి విరిగింది. ఇంటికొచ్చిన సత్తెయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. తాయారు ఫోనుకేసి చూసింది. 9.2. పచ్చచుక్క.

వారం తర్వాత కామేశ్వర్, హేమలత ఊరికి వచ్చారు. కామేశ్వర్ తాయారు ఇంటి అరుగుమీద కూర్చుని, ఇది నెట్‌వర్క్ సమస్య అనీ, కంపెనీ చేతిలో లేదనీ చెబుతున్నాడు.

"కాదండీ," అంది హేమలత మధ్యలో. "తెగిపోతే చెప్పే ఏర్పాటు చేశాను. మళ్ళీ నా చేత్తో నేనే ఆపేశాను."

కామేశ్వర్ ముఖం మాడిపోయింది. తాయారు హేమలతకేసి తిరిగింది. తిట్టలేదు.

"తెలీదంటే ఎవరు కొడతారండీ మిమ్మల్ని? తెలీదని సెప్పుంటే గట్టెక్కి నేనే సూసుకుందును కదండీ. అన్నీ తెలిసినట్టు పచ్చగా కూచుందండి."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, ఆ సాయంత్రం హేమలత చేసింది అదే. సూర్రావు పాకలో లాప్‌టాప్ తెరిచి, ఏడు లైన్ల ముందున్న గీతలు ఒక్కొక్కటే తీసింది. అంకె కింద సమయం మళ్ళీ పెట్టింది. సూర్రావు పక్కన కూర్చుని, తాను ఏళ్ళ తరబడి వేసిన కేకల సంగతి చెప్పాడు. జవాబు రాకపోతే ఏం చేసేవాడో కూడా చెప్పాడు. ఆమె టైపు చేయడం ఆపి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. వాళ్ళు కూర్చున్నంతలోనే చుక్క రెండుసార్లు ఎర్రబడింది. ఎవరూ కంగారు పడలేదు.

ఇప్పుడు నన్ను అరనిమిషానికోసారి పలకరిస్తున్నారు. నేను చచ్చిపోతే ఎర్రచుక్క ఆ సంగతి చెబుతోంది, కొత్త నేను పుడుతున్నాను. తాయారు ఇంట్లో ఫోను ఆ కిటికీలోనే ఉంటుంది గానీ బోర్లా పెట్టి ఉంటుంది. ఆమె గట్టు వారన తారుతో గీతలు పెట్టిన కర్ర పాతుకుంది. గంటకోసారి తాడు వదిలేసి వెళ్ళి చూసుకుని వస్తుంది. సూర్రావు మళ్ళీ కేకలు వేస్తున్నాడు. లంకలో ఇప్పుడెవరూ లేరు. గట్టుమీంచి "ఓయ్" అని వినపడగానే, ఎవరితోనూ మాట్లాడని సత్తెయ్య, చెయ్యి కట్టుతో నులకమంచం మీద పడుకునే "ఓయ్" అంటాడు. అది విని తాయారు మళ్ళీ పనిలో పడుతుంది.

సర్వర్ అడుగుతుంది, ఉన్నావా అని. ఉన్నా, అంటాను. ఆ ఇంట్లో ఎవరూ వినరు.