యాభై నాలుగు పాయింట్ ఆరు

నేను ఒక నర్సు వాచీని. సలోమికి ఎమ్మెస్సీ నర్సింగులో సీటు ఇవ్వలేదు. ఇవ్వాల్సింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నన్ను ఫ్యాక్టరీలో మామూలు వాచీలాగే చేశారు. చివర్లో పట్టీకి బదులు పిన్ను తగిలించి, అంకెలు తలకిందులుగా వేలాడేలా బిగించారు. నర్సులు నాలాంటివాటిని చేతికి కాదు, గుండెల మీద పెట్టుకుంటారు. ఎదుటివాళ్ళకు నేను తలకిందులు. తల వంచి చూసే మనిషికి మాత్రం నిటారు. ఆ ఏర్పాటు నాకు నచ్చింది. ఒక్కరికి సరిగ్గా కనిపిస్తే చాలు.

ఒంగోలులో నన్ను కొన్నవాడు సలోమి భర్త యోహాను. వడ్రంగి. ఊరిబడిలో ఏడు దాకా చదివాడు. "మా ఆవిడ బియ్యెస్సీ నర్సు" అని కొట్టువాడు అడక్కుండానే చెప్పాడు.

సలోమి ఇంటర్ దాకా తెలుగులో చదివింది. బియ్యెస్సీలో ఎముకలకూ నరాలకూ అన్నీ ఇంగ్లీషు పేర్లే. మొదటి ఏడు ఆ పేర్లు నోరు తిరగడానికే సరిపోయింది. అనాటమీ తప్పి మళ్ళీ రాసింది. ఆఖరి ఏడు మార్కులు బాగానే వచ్చాయి. కానీ మనుషులు అన్ని ఏళ్ళూ కలిపి లెక్క వేస్తారు. నేర్చుకోకముందు ఎలా ఉండేవాళ్ళో అది కూడా వాళ్ళను వదలదు.

ఆమెతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డులన్నీ తిరిగాను. కొత్త పిల్లలకు పని నేర్పడమంటే ఆమెకు ప్రాణం. ఒకసారి హెప్సిబా అనే పిల్ల బీపీ చూసి నూట ముప్పై అని రాసింది. సలోమి మళ్ళీ చూస్తే నూట ఇరవై ఆరు.

"దగ్గర దగ్గరే గదక్కా" అంది హెప్సిబా.

"పాదరసం యాడ ఆగితే ఆడే రాయి. నీ కోసం అది పైకెక్కదు."

కాలేజీలో టీచరై ఇలా నేర్పాలని ఆమె కోరిక. దానికి ఎమ్మెస్సీ కావాలి. ఎమ్మెస్సీకి బియ్యెస్సీలో యాభై ఐదు శాతం కావాలి. ఆమెకు యాభై నాలుగు పాయింట్ ఆరు. ఎంట్రెన్సులో మంచి ర్యాంకు వస్తే చూసీ చూడనట్టు పోతారని ఎవరో చెప్పారు. నమ్మింది. డ్యూటీ చేస్తూనే చదివింది. ర్యాంకు వచ్చింది.

ఇక సీటు వచ్చినట్టే అనుకుంది. ఇంట్లో యోహానును మంచం మీద పడుకోబెట్టి, ఎదురుగా ఉన్న గోడకు పాఠం చెప్పేది. "పిల్లలూ, ఈయన పేషెంటు. చెయ్యి పట్టుకునే ముందు పేరు పెట్టి పలకరించండి."

"పేషెంటుకు ఆకలేస్తంది సిస్టరూ" అనేవాడు యోహాను.

"పేషెంటు నోరు మూసుకుంటే క్లాసు తొందరగా అయిపోద్ది."

నేను చూసినవాటిలో అంత మంచి తరగతి ఇంకొకటి లేదు. పిల్లలే లేరు.

కాలేజీలో సర్టిఫికెట్లు చూసే రోజు ఆమె అప్లికేషన్‌లో శాతం రాసే గడిని ఖాళీగా వదిలింది. సిగ్గు. కౌంటరులో కుర్రాడు మంచివాడు. మార్కుల కాయితాలు చూసి, గొంతు తగ్గించి, "యాభై ఐదని వేసెయ్యండి మేడం. లోపల ఈ గడే చూస్తారు, మార్కుల కాయితాలు తియ్యరు" అన్నాడు.

ఆమె పెన్ను తీసింది. తల వంచింది. నేను నిటారుగా ఆమె మొహంలోకి చూశాను. యాభై నాలుగు పాయింట్ ఆరు అని రాసింది.

కాయితం లోపలికి వెళ్ళి తిరిగొచ్చింది. అర్హత లేదన్నారు.

బస్టాండులో సంగతి విని యోహాను అరిచాడు. "ఆ ఒక్క గడిలో ఐదని గీకితే ఏం పోయేది నీకు?"

"నాది ఆడే ఆగింది మరి" అంది.

ఆ మాటకు యోహాను ఇప్పటికీ ఆమెను క్షమించలేదు. నేనూ అంతే.

తర్వాత ఏటేటా నోటిఫికేషన్ పడగానే చదివేది, నిబంధన ఏమైనా మారిందేమోనని. మారలేదు. వేరే రాష్ట్రాల కాలేజీలకూ రాసింది. అక్కడా అదే అంకె. గోడకు పాఠం చెప్పడం మాత్రం మానేసింది. పేషెంటు వేళకు అన్నం తిన్నాడు. తర్వాత ఆమెకు కాలేయం చెడింది. పోయింది. యోహాను నన్ను గోడకున్న మేకుకు తగిలించాడు.

మొన్న హెప్సిబా వచ్చింది. ఆమెకు మార్కులున్నాయి. ఎమ్మెస్సీ చేసి, సలోమిని వద్దన్న ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతోంది.

"బావా, అక్క వాచీ ఇస్తే మా ల్యాబులో పెడతా. కింద అక్క పేరు రాయిస్తా. పిల్లలకు చెప్పుకుంటా."

నాకు వెళ్ళాలనిపించింది. సలోమి అడుగు పెట్టాలనుకున్న గది. నిజమైన పిల్లలు. మొత్తుకున్నాను. వాచీ మొత్తుకుంటే మనుషులకు టిక్కుమనే వినిపిస్తుంది.

"మనిషిని గుమ్మంలోంచే తిప్పి పంపారు. వాచీకి కుర్చీ వేస్తారా?" అన్నాడు యోహాను.

"నా చేతుల్లో ఉందా బావా అది?"

"లేదులే. టీ తాగి ఎళ్ళు తల్లీ. ఆ కాలేజీ మాట మాత్రం ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తమాక."

ఆమె టీ తాగి వెళ్ళిపోయింది. ఆ గదికి కిటికీలు ఎటువైపు ఉంటాయో, పిల్లలు ఏ బెంచీల మీద కూర్చుంటారో ఆమెను అడగాలనుకున్నాను. అడగలేదు. ఇక అడగను. ఈ సంగతి నేను కూడా ఎత్తను.