ఎనిమిది సెకన్ల రిపోర్టు

మా పరుపుల కంపెనీలో ప్రతి సోమవారం తొమ్మిదింటికి మేనేజర్లందరికీ మీటింగు. పెద్ద మేడమ్ వచ్చి కూర్చుని "రిపోర్టు తియ్యండి" అంటారు. ఆ మాటతో మా సర్వరు పనిలోకి దిగుతుంది, నలభై నిమిషాలకు గానీ బయటికి రాదు. అంతసేపూ గోడ మీది తెరపై ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది. మేడమ్ విసుక్కుని తన గదిలోకి వెళ్లిపోతారు. సర్వరును చూసుకునేది నేనే కాబట్టి నేను తలెత్తకుండా ఆ చక్రాన్నే చూస్తూ కూర్చుంటాను. మూడేళ్లుగా ఇదే తంతు.

నిజానికి సర్వరు తప్పేం లేదు. ఉన్నది ఒక్కటే యంత్రం. వచ్చేవాళ్ల పాస్‌వర్డులు అదే చూడాలి, గోదాముల నుంచి డేటా అదే తేవాలి, లెక్కలు అదే కట్టాలి, గ్రాఫులు అదే గియ్యాలి. ఇంటెడు చాకిరీ ఒక్క మనిషి మీద పడేసి, అన్నం ఎందుకు మాడిందని అడిగే రకం మనుషులం మనం.

చివరికి మేడమ్ మూడు కొత్త యంత్రాలు అద్దెకు తెప్పించారు. "పనంతా వీటికి పంచు. మూడు నెలల్లో రిపోర్టు నిమిషంలోపు వస్తే ఇవి ఉంటాయి, నీ ఉద్యోగం పర్మినెంటు. రాకపోతే ఇవీ వెనక్కి పోతాయి, నువ్వూ పోతావు" అన్నారు. ఎంత మామూలుగా అన్నారంటే, నాకు చెమటలు పట్టడానికి కూడా కొంచెం సమయం పట్టింది.

నేను ఉండేది మా అక్కావాళ్ల మేడ మీద గదిలో. బావ మా కంపెనీలోనే సరుకు పంపే విభాగానికి మేనేజరు, నాకు ఈ ఉద్యోగం చూపించింది కూడా ఆయనే. ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతి చెబితే వెంటనే సలహా ఇచ్చేశాడు.

"సమానంగా పంచెయ్యిరా, గొడవుండదు. మా అన్నదమ్ములం ఇల్లు పంచుకున్నప్పుడు మెట్లు కూడా లెక్కపెట్టి పంచుకున్నాం. ఇప్పటిదాకా మాట పట్టింపు లేదు."

"మాటలే లేవుగా, ఇంక పట్టింపులెక్కడివి?" అంది అక్క, మజ్జిగ పోస్తూ.

అక్క మాట వినాల్సింది. బావ మాట విన్నాను. నాలుగు యంత్రాలు, నాలుగు పనులు, తలా ఒకటి. లెక్కలు కట్టడమనే బండెడు చాకిరీ పాత యంత్రం వాటాకు వచ్చింది. కొత్తవి మూడూ తమ పని చిటికెలో ముగించుకుని ఖాళీగా కూర్చున్నాయి, పాతది రొప్పుతూనే ఉంది. డేటా అటూ ఇటూ తిరగడం అదనం. నలభై నిమిషాలు కాస్తా యాభై అయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

అప్పుడు గానీ బుద్ధి రాలేదు. రెండు వారాలు కూర్చుని ఏ పని ఎంత బరువో కొలిచాను. లెక్కల్ని రెండు కొత్త యంత్రాలకు పంచాను, డేటా తేవడం మూడోదానికి ఇచ్చాను. పాతదాన్ని గుమ్మం దగ్గర ముసలాయనలా కూర్చోబెట్టి పాస్‌వర్డులు చూసుకోమన్నాను, తీరికున్నప్పుడు గ్రాఫులు గియ్యమన్నాను. గడువు ముగిసే ముందు ఆదివారం నడిపి చూస్తే ఎనిమిది సెకన్లు. నమ్మలేక పదకొండుసార్లు నడిపాను. సంతోషంతో ఒంటరిగా సర్వరు గదిలో నవ్వుకున్నాను.

సోమవారం మేడమ్ "రిపోర్టు తియ్యండి" అని కళ్లజోడు పెట్టుకునేలోపే తెర నిండా గ్రాఫులు. చప్పట్లు వస్తాయనుకున్నాను. అందరి కళ్లూ ఒక్క చోటే ఆగాయి. తెర మీద ఎర్రగా ఒక గీత: రెండు వందల పన్నెండు పరుపులు ఇంకా పంపలేదు. అది బావ విభాగం.

"ఏమిటిది?" అన్నారు మేడమ్.

బావ లేచి నిలబడ్డాడు. "లెక్క తప్పు మేడమ్."

"ఇంత తొందరగా వచ్చిందంటే సగం వదిలేసే ఉంటుంది" అన్నాడు అమ్మకాల మేనేజరు.

"ఉడక్కుండా దించితే అంతే కదండీ" అన్నాడు ఫ్యాక్టరీ మేనేజరు.

నా ఒళ్లు మండిపోయింది. మూడు నెలల కష్టం, నా ఉద్యోగం రెండూ పోయేలా ఉన్నాయి, అదీ నాతో కలిసి అన్నం తినే బావ చేతుల మీదుగా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

"పాత పద్ధతిలో కూడా తియ్యి. రెండూ పోల్చి చూద్దాం" అన్నారు మేడమ్. అదృష్టం బాగుండి పాత అమరికను చెరిపెయ్యలేదు. నడిపించాను. చక్రం తిరగడం మొదలైంది. మేడమ్ తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

కోపంతో ఆ రోజు చక్రాన్ని చూడలేదు, మనుషుల్ని చూశాను. తలుపు పడగానే అందరి ఫోన్లూ బయటికొచ్చాయి.

"ఆ హోటల్ వాళ్ల సరుకు ఎక్కడాగింది?" గది ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాడు బావ. "డ్రైవరుకి జ్వరమైతే నిన్నే చెప్పొద్దూ? ఇంకొకర్ని ఎక్కించు. హోటల్ వాళ్లతో నేను మాట్లాడతాను."

వారంగా పలకరించుకోని అమ్మకాల మేనేజరూ ఫ్యాక్టరీ మేనేజరూ ఒకే కాగితం మీద వంగి ఆర్డర్లు సరిచూసుకుంటున్నారు. మూడేళ్లుగా నా కళ్ల ముందే ఇదంతా జరుగుతుంటే నేను చక్రం చూస్తూ కూర్చున్నాను. సిగ్గేసింది.

నలభై నిమిషాలకు పాత రిపోర్టు వచ్చింది. రెండు వందల పన్నెండు. ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

మేడమ్ బావ వైపు చూశారు. బావ గొంతు సవరించుకున్నాడు. "లెక్క సరైందే మేడమ్. నాదే తప్పు. లారీ ఇప్పుడే బయల్దేరింది, మధ్యాహ్నానికి పరుపులు చేరిపోతాయి."

"యంత్రాలు ఉంటాయి. నువ్వూ ఉంటావు" అన్నారు మేడమ్ నాతో. "రిపోర్టు తొమ్మిదింటికి అందరి ఫోన్లకూ పంపెయ్యి. మీటింగు మాత్రం తొమ్మిదీ నలభైకి."

మేనేజర్లు ముఖముఖాలు చూసుకున్నారు.

"వారానికి మీరు గట్టిగా పని చేసేది ఆ నలభై నిమిషాలే అని నాకు తెలీదా?" అన్నారావిడ. "అందుకే ఇన్నాళ్లూ కొత్త యంత్రాలు కొనలేదు. కానీ ఆ గదిలో ఒక్కదాన్నే గోడ చూస్తూ కూర్చోవడం ఇంక నా వల్ల కాదు. ఇకమీదట నేను కూడా తొమ్మిదీ నలభైకే వస్తాను."

బయట వరండాలో బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. క్షమాపణ చెప్తాడేమో అనుకున్నాను.

"ఒరేయ్, ఆ ఎనిమిది సెకన్లు ఇంకాస్త తగ్గించలేవా?" అన్నాడు. "నాకు నలభై నిమిషాలూ పూర్తిగా కావాలి."