ఎవరు నొక్కినా పడని మనిషి

వీధి చివర తన ఫోటో స్టూడియోలో చెల్లెలు పొద్దున్నే తెర దులిపి, లైట్లు వేసి, అక్కని కుర్చీలో కూర్చోబెట్టి కెమెరా నొక్కింది. ఎప్పటిలాగే ఫోటోలో కుర్చీ పడింది, అక్క పడలేదు. పుట్టినప్పటి నుంచీ అంతే. పెళ్ళి ఫోటోలో కూడా బావ ఒక్కడే సిగ్గుపడుతూ పక్కనున్న ఖాళీని చూస్తుంటాడు. కొందరికి పాలు పడవు, ఈమెకి ఫోటో పడదు అనుకుని ఇంట్లోవాళ్ళు ఊరుకున్నారు.

ఇప్పుడొచ్చింది చిక్కు. మార్కెట్లో కొట్లు నడిపేవాళ్ళందరికీ ఫోటో కార్డులట. శుక్రవారంలోగా కార్డు చేయించుకోకపోతే అక్క కుట్టు కొట్టు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు మార్కెట్ ఆఫీసరు. అక్కకి ఒళ్ళు మండింది. బతిమాలడం ఆమెకి చిన్నప్పటి నుంచీ చేతకాదు.

ఎవరి వేలూ తగలకపోతే పడుతుందేమోనని చెల్లెలు ఆశపడింది. కెమెరా రిమోట్ వైరు కోస్తే లోపల మూడు తీగలున్నాయి: ఒకటి ఫోకస్‌ది, ఒకటి షట్టర్‌ది, మూడోది రెండింటికీ ఉమ్మడి. వాటిని స్విచ్చుల్లాంటి చిన్న రిలేల గుండా, చెప్పిన పని చేసే అరచేతంత మైక్రోకంట్రోలర్ బోర్డుకి కలిపి, కాసేపాగి దానంతటదే ఫోటో తీసేలా ప్రోగ్రాం రాసింది. మొదట కెమెరా ఉలకలేదు, పలకలేదు. చూస్తే ఫోకస్ తీగ కలపడం మర్చిపోయింది. అదీ అతికించాక టక్కుమంది. మళ్ళీ కుర్చీయే.

"బోర్డుకి చెప్పింది నువ్వే కదే," అంది అక్క. "ఇంకొకరు నొక్కితే నేనెందుకు పడాలి?"

చెల్లెలు లేచి కొట్టుకెళ్ళి, అక్క కరెంటు కుట్టు మిషన్‌కున్న పెడల్ ఊడదీసి తెచ్చింది. ప్రోగ్రాంలో తను రాసిన ఆలస్యం చెరిపేసి, పెడల్ తీగలు బోర్డుకి అతికించింది.

శుక్రవారం ఆ సరంజామా అంతా సంచీలో వేసుకుని ఇద్దరూ ఆఫీసుకెళ్ళారు. ఇక్కడ బట్టలు కుడతావా ఏంటని ఆఫీసరు ఎగతాళి చేశాడు. అక్క గోడ ముందు నిలబడి, చెప్పు విడిచి, కెమెరాలోకి సూటిగా చూస్తూ పెడల్ తొక్కింది.

పడింది. నెరిసిన పాపిడి, మెడలో కొలతల టేపు, బిగించిన దవడ. చెల్లెలికి ఏడుపొచ్చింది. అక్కని ఫోటోలో చూడటం అదే మొదటిసారి.

రూలు ప్రకారం తనే తీయాలంటూ ఆఫీసరు తన కెమెరా నొక్కాడు. గోడ పడింది. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గోడే.

"ఎంత నొక్కినా అంతే సార్," అంది అక్క. "నొక్కితే పడే మనిషిని కాను."

ఆఫీసులో అందరూ చూస్తున్నారు. ఆఫీసరు ఆమె పెడల్ తొక్కి తీసిన ఫోటోనే ప్రింటు తీయించి, కార్డుకి అంటించి ముద్ర వేశాడు. అక్క పెడల్ చంకన పెట్టుకుని మార్కెట్‌కి నడిచి, తన కొట్టు తాళం తనే తీసింది.